చెవి మేస్త్రీ రూలు

అతన్ని అందరూ చెవి మేస్త్రీ అంటారు. చెవులు పెద్దవని కాదు. మామూలు చెవులే, పైగా ఎడమది కాస్త మందం కూడా. అడవిలో రాలిన ఆకుని తీసి, చెవి దగ్గర పెట్టుకుని గుప్పిట్లో నలిపి, ఆ చప్పుడు విని ఇవాళ నిప్పు పెట్టొచ్చో లేదో చెప్తాడని ఆ పేరు వచ్చింది. నిప్పు ఆర్పమని జీతాలిచ్చే అటవీశాఖలో నిప్పు పెట్టడానికి జీతం తీసుకునేవాడు నువ్వొక్కడివేనని తోటివాళ్ళు వేళాకోళం చేసేవారు. ఒకప్పుడు అతనూ నవ్వేవాడు.

పని చెప్పుకుంటే చిన్నదే. కొండ మీద అడవి, కొండ కింద ఇరవై ఆరు ఇళ్ళ వీధి, రెంటికీ మధ్య ఫైర్ లైన్. ఫైర్ లైన్ అంటే అడవి అంచు పొడుగునా పోయే పదిహేను అడుగుల పట్టీ. ఏటా వానలు వెళ్ళాక, ఎండలు ముదరకముందు, ఆ పట్టీలోనూ దాని పై వాలులోనూ రాలిన ఆకునీ ఎండుగడ్డినీ కావాలనే, నింపాదిగా కాల్చేయాలి. ఎండాకాలంలో పైనుంచి మంట దిగివస్తే దానికి అక్కడ తినడానికి ఏమీ దొరక్క చల్లారిపోవాలి. ఆ వీధికి టౌన్‌కి పోయే దారి ఒక్కటే. అదీ అడవిలోంచే. కాబట్టి ఆ వీధివాళ్ళు ఎండాకాలంలో హాయిగా ఊపిరి పీల్చుకోవాలంటే ఫైర్ లైన్ కాలి ఉండాలి.

దానికి సరైన రోజు దొరకాలి. ఆకు తడిగా ఉంటే గుప్పిట్లో మెత్తగా ముడుచుకుంటుంది, చప్పుడు చేయదు. ఆ రోజు ఎంత నూనె పోసినా వచ్చేది పొగే. మరీ ఎండితే పటపటమని పొడైపోతుంది. ఆ రోజు అగ్గిపెట్టె జేబులోంచి తీయకూడదు. రెండింటికీ మధ్య ఒకటుంది. నలిపితే చిటుక్కుమని ఒక్కసారి అని ఊరుకుంటుంది. అలాంటి రోజున మంట మోకాలి ఎత్తు దాటదు, పక్కన మనిషి నడుస్తూ మాట్లాడుకోవచ్చు. 'ఒక్క చిటుకు రోజు' అంటారు దాన్ని.

ఈ విద్య అతనికి నేర్పింది బావ. అక్క మొగుడు. అతనికి ముందు మేస్త్రీ ఆయనే. బావ కాలంలో ఒక్క చిటుకు రోజులు ఏడాదికి ఇరవై దాకా వచ్చేవి. ఇవాళ ఒంట్లో బాగాలేకపోతే రేపు, రేపు ఎవరింట్లోనో పెళ్ళయితే ఎల్లుండి. తొందరేమీ ఉండేది కాదు. ఆ తర్వాత వానలు ఆలస్యంగా రావడం, వచ్చిన నాలుగు రోజులూ కుండపోతగా కురిసి చెప్పాపెట్టకుండా పోవడం మొదలైంది. ఇరవై రోజులు పన్నెండయ్యాయి, పన్నెండు ఆరయ్యాయి. ఒక పొద్దున తడిగా ఉన్న ఆకు మూడో రోజుకల్లా పొడైపోతోంది, మధ్యలో ఉండాల్సినదాన్ని ఎవరో ఎత్తుకుపోయినట్టు. శాఖవాళ్ళ వర్కింగ్ ప్లాన్ పుస్తకంలో మాత్రం 'కాల్చు కాలం ఆరు వారాలు' అనే ఉంది. ఆ పుస్తకం రాసినవాళ్ళు రిటైరై, వాళ్ళ తర్వాతివాళ్ళు కూడా రిటైరయ్యారు.

బావ రిటైరయ్యాక ఇంట్లో కాలు నిలవక ఒకరోజు అడవి చూసొస్తానని వెళ్ళాడు. మూడేళ్ళు వరసగా నీళ్ళు లేక నిలువునా చచ్చిన చెట్టొకటి, గాలైనా లేని మధ్యాహ్నం, తనంతట తాను కూలి ఆయన నడుము మీద పడింది. అప్పటినుంచి మంచానికే పరిమితం. మంచం వెనక గదిలో కిటికీ పక్కన వేశారు. కిటికీ తీస్తే ఫైర్ లైన్, దాని పైన కొండ. "నా ఉద్యోగం ఇంకా నడుస్తూనే ఉందిరా, పడుకుని చేస్తున్నాను అంతే" అంటాడాయన.

ఆ ఇల్లు అక్కది. హాస్పిటల్ లాండ్రీలో ఇరవై రెండేళ్ళు దుప్పట్లు ఉతికి కట్టుకున్న ఇల్లు. మొదట ఒక గది, నాలుగేళ్ళకి రెండోది, ఆ తర్వాత నీళ్ళ తొట్టి, నిరుడు వంటగది. అక్క పొట్టి. పుట్టింట్లో, అద్దె ఇళ్ళలో ఎక్కడ వంట చేసినా ముక్కాలిపీట మీద నిలబడే చేసింది. ఈ వంటగదిలో గట్టూ అలమరలూ తన ఎత్తుకి కట్టించుకుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళందరి చేతా వంగి చూడమని, నడుం నొప్పి పుట్టిందా లేదా అని అడిగి మరీ నవ్వేది.

ఇక రూలు సంగతి. బావ రోజులనుంచీ ఒక ఆనవాయితీ ఉండేది: ముందు నిప్పు, వెనక కాగితం. ఆకు బాగున్న రోజు చూసి కాల్చేసేవాళ్ళు, ఆఫీసులో అనుమతి కాగితం తర్వాత వారమో నెలో పట్టి పాత తేదీతో తయారయ్యేది. ఎవరికీ ఇబ్బంది లేదు. తొమ్మిదేళ్ళ కిందట చెవి మేస్త్రీ కూడా అలాగే చేశాడు. కొండ కింద ఆకు తీశాడు, నలిపాడు, ఒక్క చిటుకు. ముట్టించాడు. బావ నేర్పిన పద్ధతిలో కింద ఒక్కచోట చూస్తే చాలు. ఎందుకంటే కొండ నెత్తిమీద పొగమంచు మధ్యాహ్నం దాకా కూర్చుని ఉంటుంది, కింద ఆకు సిద్ధమయ్యే వేళకి పైన ఆకు ఇంకా తడిగానే ఉంటుంది, మంట ఎక్కుతూ ఎక్కుతూ ఆ తడిలో తనే చచ్చిపోతుంది. ముప్ఫై ఏళ్ళు అలాగే చచ్చింది. ఆ ఏడు పొగమంచు రాలేదు. అసలు దానికి ముందు రెండేళ్ళనుంచీ సరిగా రావడం లేదు. అందరూ చలి తగ్గి దుప్పట్లు పల్చబడ్డాయని సంతోషించారేగాని దాన్నీ దీన్నీ కలిపి ఆలోచించినవాడు లేడు. మంట పైకి వెళ్ళి చావాల్సిన చోట లేచి నిలబడింది. నాలుగు రోజులు కాలింది. శాఖ నాటిన మూడేళ్ళ మొక్కలు, తొంభై హెక్టార్లు, బూడిద. మనుషులకేమీ కాలేదు, అదొక్కటే అదృష్టం.

అతన్ని రెండు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. ఇకమీదట రాతపూర్వక అనుమతి లేకుండా నిప్పు ముట్టించనని రాయించుకున్నారు. ఆపైన ఒక రూలు పెట్టారు. కాల్చే తేదీ పదిరోజుల ముందే ఫారంలో రాసివ్వాలి. టౌన్‌లోని వాతావరణం మెషిన్ లెక్కలు జత చెయ్యాలి. పెద్దాఫీసు ముద్ర పడాలి. ఆ తేదీన ఆఫీసరు దగ్గరుండాలి. తేదీ మారితే మళ్ళీ కొత్త ఫారం, మళ్ళీ పది రోజులు. ఆ రూలుకి ఒక నంబరుంది గాని అదెవరికీ గుర్తులేదు. అందరూ చెవి మేస్త్రీ రూలు అనే అంటారు. ఎక్కడెక్కడి అటవీ రేంజిల్లోని మేస్త్రీలూ అతని మొహం చూడకుండానే అతన్ని తిట్టుకుంటారు. మీటింగుల్లో ఎదురైతే, "బాబూ, నీ చెవి మా పీకలమీదకు తెచ్చిందయ్యా" అంటారు.

ఈ ఏడు అతను ఫారంలో పద్దెనిమిదో తేదీ రాశాడు. పదిరోజుల తర్వాత ఆకు ఎలా ఉంటుందో దేవుడికే తెలియాలి, ఏదో ఒకటి రాయాలి కాబట్టి రాశాడు. పదమూడో తేదీ పొద్దున మంట ఇళ్ళవైపు దాటకుండా ఏడుగురు కూలీలతో ఫైర్ లైన్ కింది అంచు ఊడుస్తున్నాడు. అలవాటు కొద్దీ ఆకు తీసి నలిపాడు. ఒక్క చిటుకు. నడిమి వాలుకి ఎక్కి చూశాడు, ఒక్క చిటుకు. ఆ తొంభై హెక్టార్లు నేర్పిన పాఠం ప్రకారం రొప్పుతూ కొండ నెత్తికి ఎక్కి అక్కడా చూశాడు. అక్కడా అంతే. గాలి లేదు. మూడుచోట్లా ఒకేలా ఉన్న రోజుని అతను నాలుగేళ్ళలో చూడలేదు.

కిందికి దిగుతూ రేంజి ఆఫీసరమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడ వయసులో అతని కూతురంత ఉంటుంది, అతనికి కూతురుంటే. భార్య పోయి పదేళ్ళయింది, పిల్లలు లేరు.

"మేడమ్, ఇవాళ పెట్టేస్తే బాగుంటుంది. ఇవాళ, మహా అయితే రేపు."

"తేదీ పద్దెనిమిది కదా మేస్త్రీ గారూ."

"పద్దెనిమిదికి ఎండిపోతుందమ్మా."

ఆవిడ పెద్దాఫీసుకి ఫోన్ చేసి పావుగంటలో మళ్ళీ మాట్లాడింది. "కొత్త తేదీ అంటే కొత్త ఫారమే అంటున్నారండీ. నేను నోటిమాటగా పెట్టుకోండి అని చెప్పలేను. ఏదైనా జరిగితే మీ పేరుతో ఒక రూలుంది, నా పేరుతో ఇంకోటి వస్తుంది. ఆ తర్వాత అసలు ఎక్కడా ఎవర్నీ కాల్చనివ్వరు."

ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అదే అతని బాధ. తిట్టుకోవడానికైనా ఒక దుర్మార్గుడు దొరికితే మనిషికి కాస్త ఊరట.

ఫోన్ పెట్టగానే బావ ఫోన్. కిటికీలోంచి మంచం మీద పడ్డ ఆకుని ఆయనా నలిపాడట.

"ఏరా, ఆకు అంత బాగుంటే ఇంకా చీపుర్లు పట్టుకుని తిరుగుతారేంటి?"

"తేదీ రాలేదు బావా."

"తేదీ సంగతి ఆకుకి తెలుసా?"

"నాకు తెలుసు కదా."

బావ ఫోన్ దగ్గర పెట్టి ఇంకో ఆకు నలిపాడు. తర్వాత, "నేనైతే పెట్టేసేవాణ్ణి" అన్నాడు.

"నువ్వైతే పెట్టేసేవాడివి. నేనూ పెట్టేశాను కదా అప్పుడు."

ఆ మాట అన్నాక అతనికి లోపల ఏదో తేలికపడ్డట్టు అనిపించింది, వెంటనే సిగ్గేసింది. ఆఫీసరమ్మ వద్దన్నప్పుడు తను సంతోషించాడు. అది నిజం. తొమ్మిదేళ్ళుగా అతనికి తన చెవి మీద నమ్మకం లేదు. ఒక్క చిటుకు వినబడుతుంది, దాని వెనకే తొంభై హెక్టార్ల చప్పుడూ వినబడుతుంది. వద్దనడానికి రూలొకటి ఉండటం అతనికి బలం. ఆ రూలుని అందరికంటే ఎక్కువ తిట్టేదీ అతనే, దాని చాటున దాక్కునేదీ అతనే. పదమూడు గడిచింది. పద్నాలుగు కూడా అలాంటిదే వచ్చి గడిచింది. కూలీలు ఆ రెండు రోజులూ ఊడ్చిన చోటే ఊడ్చారు.

పద్దెనిమిదో తేదీ ఆఫీసరమ్మ జీపులో వచ్చింది. ముద్ర పడ్డ కాగితం, మెషిన్ లెక్కలు, నీళ్ళ ట్యాంకరు, అన్నీ సవ్యంగా ఉన్నాయి. మెషిన్ గాలిలో తడి సరిపోతుందని చెప్పింది. ఎందుకు చెప్పదు, దాన్ని టౌన్‌లో చెరువు ఒడ్డున పెట్టారు. కొండ మీద మాత్రం రాత్రికి రాత్రి పొడిగాలి తిరిగింది. పైనుంచి కిందికి, తిన్నగా వీధి మీదికి కొడుతోంది. అతను ఒక ఆకు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ నలిపింది. పొడి వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది.

"నాకూ వినబడుతోంది మేస్త్రీ గారూ" అంది ఆవిడ మెల్లగా. "కానీ నేను రాయగలిగేది నంబరు. చప్పుడు రాయడానికి గడి లేదు."

"నేను పెట్టనమ్మా."

"ఆర్డరుంది. పెట్టకపోతే మీ నిరాకరణ అని వెళ్తుంది. మళ్ళీ తేదీ అడిగేసరికి సీజన్ అయిపోతుంది."

"అయిపోతుంది."

"లైన్ కాలకుండా ఎండాకాలం వస్తుంది."

"వస్తుంది. ఇవాళ పెడితే మంట ఇవాళే వస్తుంది. అదిగో ఆ కిటికీలో కనబడేది మా బావ."

ఆవిడ ఫారం అటూ ఇటూ తిప్పి, నిరాకరణ అన్నమాట రాయకుండా ఉండటానికి ఒక దారి వెతికింది. పని జరగకపోవడానికి ఫారంలో మూడే కారణాలున్నాయి: వర్షం, వాహనం లేకపోవుట, సిబ్బంది కొరత. వర్షం అని రాస్తే ఆకాశం నవ్వుతుంది. వాహనం ఎదురుగా ఉంది. సిబ్బంది కొరత దగ్గర టిక్కు పెట్టింది. ఏడుగురు కూలీలూ చీపుర్లు పట్టుకుని వరసగా నిలబడి తమ కొరతని తామే చూశారు. ఒకడికి నవ్వాగలేదు. మేస్త్రీ మాత్రం నవ్వలేకపోయాడు. పదమూడున పెట్టకపోవడం రూలు ప్రకారం సబబు, పద్దెనిమిదిన పెట్టకపోవడం ఆకు ప్రకారం సబబు. రెండు సబబులూ కలిసి అక్క ఇంటి వెనక మోకాలి లోతు ఎండాకుని అలాగే వదిలేశాయి.

ఆ తర్వాతి రెండు నెలలు అతను రోజూ వీధికి వెళ్ళాడు. వీధివాళ్ళకి అన్నీ తెలుసు. పెట్టగలిగినప్పుడు పెట్టలేదు, పెట్టమన్నప్పుడు పెట్టలేదు అని మొహాన అనకపోయినా, అతను రాగానే మాటలు ఆపి మంచినీళ్ళివ్వడం మొదలుపెట్టారు. అతి మర్యాద చేస్తున్నారంటే మనసు విరిగిందనే లెక్క. ఏడుగురూ తనూ కలిసి పలుగూ పారా పట్టి ఆకు లాగి పోశారు. లాగిన చోట పై వాలునుంచి మళ్ళీ రాలింది. ఎండకి తట్టుకోలేక చెట్లు పచ్చి ఆకుని కూడా దులిపేసుకుంటున్నాయి.

"అక్కా, ఈ రెండు నెలలూ నా క్వార్టర్‌కి వచ్చేయండి" అన్నాడు ఒకరోజు.

"రెండు గదుల్లో ముగ్గురం ఎక్కడ పడతాంరా" అంది అక్క. "ఈయన మంచం ఒక్కటే ఒక గది అవుతుంది. నా ఇల్లు నాకుంది." తర్వాత గిన్నె తోముతూ తల ఎత్తకుండానే అడిగింది. "వస్తుందా?"

"రాకపోవచ్చు."

"నీకు చిన్నప్పటినుంచీ అబద్ధం చెప్పడం రాదు" అని గిన్నె బోర్లించింది.

వచ్చింది. ఒక మంగళవారం పొద్దున పదకొండు గంటలకి కొండ అవతలినుంచి పొగ లేచింది. అరగంటలో నెత్తిమీదికి ఎక్కింది, ఇంకో అరగంటలో ఇవతలి వాలుకి తిరిగింది. ఫైరింజన్లు అడవి దారిలో సగం దూరం వచ్చి, రెండుపక్కలా మంట ఉండటంతో ఆగిపోయాయి. అంటే వీధివాళ్ళకి బయటికి పోయే దారి కూడా లేనట్టే. ఇరవై ఆరు ఇళ్ళ జనం, చెవి మేస్త్రీ, ఏడుగురు కూలీలు. అంతే లోపల ఉన్నది.

చేయగలిగింది ఒక్కటే, ఎదురు మంట. వచ్చే మంట దగ్గరికి రాగానే దానికి ఎదురుగా ఇటునుంచి ఇంకో మంట పెడితే, అది ఎగబాకి మధ్యనున్న ఆకంతా తినేస్తుంది. రెండూ ఎదురెదురుగా కలిసి, తినడానికి ఏమీ లేక చస్తాయి. కానీ ఎదురు మంట ఎక్కడ మొదలుపెడతామో దాని వెనక ఒక్క ఎండాకు కూడా మిగలకూడదు. కాలిన ఫైర్ లైన్ ఉండి ఉంటే అక్కడినుంచి పెట్టేవాడు. ఇప్పుడు ఆకు లేని చోటు ఒక్కటే ఉంది. అది పై వరస ఆరు ఇళ్ళ వెనక గోడల అంచు. కింది వరస ఇరవై ఇళ్ళకీ మధ్యలో వెడల్పైన రోడ్డు ఉంది, అవి దక్కుతాయి. పై వరస ఆరూ ఆ వేడికి ఉంటాయో ఉండవో చెప్పలేం. అక్క ఇల్లు పై వరసలో మూడోది.

నలుగురు కూలీలు బావని మంచంతో సహా రోడ్డు మీదికి మోసుకొచ్చారు. ఆయన మంచంమీదినుంచే మెడ తిప్పి కొండని చూశాడు.

"గోడ అంచునుంచే పెట్టాలిరా. ఇంకెక్కడ పెట్టినా ఇరవై ఆరూ పోతాయి. పొగ వెనక్కి వాలేదాకా ఆగు. పెద్ద మంట దగ్గరికొచ్చి గాలి తనవైపుకి లాక్కుంటుంది చూడు, అప్పుడు."

అక్క ఆ మాట విని ఒక్క ఉదుటున వచ్చి తమ్ముడి చొక్కా పట్టుకుంది.

"వద్దురా. ఇంకేదైనా చెయ్యి. నీళ్ళు కొట్టు, మా తొట్టి నిండుగా ఉంది."

"తొట్టి నీళ్ళకి ఆగదక్కా."

"నా ఇంటికి నువ్వు నిప్పు పెడతావా?"

అతను ఫోన్ తీసి ఆఫీసరమ్మకి చేశాడు. రాసిచ్చిన మాట ఒకటుందని ఆ పొగలో కూడా అతనికి గుర్తుండటం చూస్తే, ఆ కాగితం అతని ఎముకల్లోకి ఎంతగా ఇంకిందో తెలుస్తుంది.

"రెండు నిమిషాలు ఆగండి మేస్త్రీ గారూ, పై సారుని లైన్లోకి తీసుకుంటాను. తొందరపడకండి" అంది ఆవిడ.

"సరేనమ్మా" అన్నాడు. ఫోన్ కట్ చేయకుండానే జేబులో పెట్టుకున్నాడు. అప్పుడే పొగ వెనక్కి వాలింది. వీధిలో ఎండుగడ్డీ కాగితాలూ కొండవైపుకి దొర్లడం మొదలుపెట్టాయి. చొక్కా పట్టుకున్న అక్క వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాడు. అతని చేతులు ఆ పని చేస్తుంటే అతనే నమ్మలేకపోయాడు. పొడుగు ముక్కున్న నూనె డబ్బా వెలిగించి, మొదటి ఇంటి వెనక గోడనుంచి ఆరో ఇంటి వెనక గోడదాకా మంట గీస్తూ పరిగెత్తాడు. మూడో ఇంటి దగ్గర కిటికీ ఇంకా తెరిచే ఉంది. ఆగి దాన్ని మూశాడు. ఎందుకు మూశాడో ఇప్పటికీ చెప్పలేడు.

ఇరవై రెండు ఇళ్ళు మిగిలాయి. ఒక్క ప్రాణం పోలేదు. పై వరసలో నాలుగు ఇళ్ళు కాలిపోయాయి. వాటిలో అన్నిటికంటే ముందు అంటుకున్నది అక్కదే. వంటగది పైకప్పు దూలం ఎండుకర్ర, అదే మొదట పట్టుకుంది.

ఇప్పుడు ముగ్గురూ క్వార్టర్‌లో ఉంటున్నారు. ముందు గదిలో బావ మంచం, వెనక గదిలో వంటా అక్కా, గుమ్మానికి అడ్డంగా చాపమీద అతను. ఎవరు కదిలినా ఇంకొకరు లేవాలి. కిటికీ తీస్తే ఆఫీసు గోడ. బావకి చూడ్డానికి ఏమీ లేక కళ్ళు మూసుకుని పడుకుంటాడు. అక్క వంట చేస్తుంది, బావకి ఒళ్ళు తుడుస్తుంది, తమ్ముడి బట్టలు కూడా ఉతికి ఆరేస్తుంది. అతనితో మాత్రం మాట్లాడదు. టీ గ్లాసు తెచ్చి నేలమీద పెట్టి వెళ్ళిపోతుంది, చేతికివ్వదు. దక్కిన ఇళ్ళవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేతులు పట్టుకుని పోయారు. వాళ్ళు వచ్చినప్పుడల్లా అక్క వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేది. మిగతా మూడు ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళెవరూ రాలేదు. అతను వాళ్ళ దగ్గరికి వెళ్ళలేదు. మొహం చెల్లలేదు.

ఒకసారి బావతో అన్నాడు. "అక్క తిట్టినా బాగుండేది."

"నన్నూ తిట్టడం లేదురా" అన్నాడు బావ. "చెప్పింది నేను కదా."

నెల తిరిగాక విచారణ అధికారి వచ్చాడు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ పెద్దమనిషి. ఉన్న ఒక్క కుర్చీలో కూర్చుని ఫైలు విప్పాడు. అనుమతి లేకుండా నిప్పు పెట్టడం ఇది రెండోసారి. రెండోసారి అయితే ఉద్యోగంలోంచి తీసేయడమే, మాటల్లేవు. ఉద్యోగం పోతే ముప్ఫై రోజుల్లో క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఇదంతా ఆయన చదువుతున్నట్టుగా, ఎవరి మొహమూ చూడకుండా చెప్పాడు.

"ఎవరి అనుమతితో పెట్టారు?"

"ఎవరిదీ లేదండీ. ఫోన్ చేశాను. రెండు నిమిషాలు ఆగమన్నారు. ఆగలేదు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు ఇరవై రెండు ఇళ్ళు కాపాడారని నాకు తెలుసు. నా చేతిలో ఉన్నది ఒక్కటే. మీ పేరుతో చెప్పుకునే ఈ రూలులోనే చివర ఒక వాక్యం ఉంది. ప్రాణాపాయం ఉన్నప్పుడు, కాలబోయే ఇళ్ళ యజమానుల్లో ఒక్కరైనా నోటితో కోరితే, కాగితం లేకపోయినా తప్పుకాదు. అలాంటిదేమైనా జరిగిందా? ఆలోచించి చెప్పండి."

తొమ్మిదేళ్ళుగా ఆ రూలు మోస్తున్న మనిషికి ఆ చివరి వాక్యం ఉందని తెలియదు. ఎవరూ అంతదాకా చదవలేదు. అతను నోరు తెరిచాడు. లేదండీ, యజమాని నా చొక్కా పట్టుకుని వద్దంది అని చెప్పడానికే తెరిచాడు. అబద్ధం అతనికి చేతకాదు.

"నేనే పెట్టమన్నాను" అంది అక్క.

వెనక గది గుమ్మంలో నిలబడి ఉంది. చేతులు తడిగా ఉన్నాయి. "ఇల్లు నా పేరుమీదే ఉంది. కాగితాలు కాలిపోయాయి గాని ఆఫీసులో చూసుకోండి. గోడ అంచునుంచి పెట్టమని నేనే చెప్పాను. ఈయన విన్నాడు. కూలీలు విన్నారు."

బావ కళ్ళు తెరిచి, "విన్నాను" అన్నాడు.

అధికారి రాసుకున్నాడు. అక్క చెయ్యి పైటకి తుడుచుకుని సంతకం పెట్టింది. ఆయన లేచి, తమ్ముడికి అక్క అంటే ఇలా ఉండాలి అని ఏదో అనబోయి, ఆవిడ మొహం చూసి మానేసి, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

గదిలో ముగ్గురే మిగిలారు. నెల రోజుల తర్వాత తన మంచికి అక్క నోరు విప్పిందని అనుకున్నాడు చెవి మేస్త్రీ. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకి జరిగి అక్క పాదాల వైపు చెయ్యి చాచాడు.

"అక్కా" అన్నాడు.

అక్క కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నీకోసం చెప్పలేదు" అంది. "ఈ గది కూడా పోతే ఈయన్ని ఎక్కడ పడుకోబెట్టను?"

వెనక గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.